నది ఒడ్డు ఊళ్లలో తిండి మారింది: సర్వేలో పట్టుకునేదెలా, సరిదిద్దేదెలా?

ఏటివాలు:
నది ఒడ్డు పల్లెల్లో ఆహార సర్వేకి ఫారం తయారవుతోంది. చాలా దేశాల్లో నదుల వెంట కనిపించే వరసే ఇక్కడా ఉంది. ఏట్లో పట్టిన చేప తగ్గి కొన్న కోడి పెరిగింది. దుంపలు, ముతక గింజలు వెనక్కి పోయి తెల్లబియ్యం, మైదా బిస్కెట్లు, ప్యాకెట్ నూడుల్స్, తీపి డ్రింకులు వచ్చాయి. పస్తులుండేవాళ్లు పెద్దగా లేరు. అయినా ఆడవాళ్లలో రక్తహీనత తగ్గట్లేదు. రెండేళ్లలోపు పిల్లలు వయసుకు తగ్గ పొడుగు లేరు. అదే ఇంట్లో తల్లి మాత్రం బరువెక్కుతోంది.

ఫారంలో ఏం అడగాలి, ఏ నెలల్లో అడగాలి, ఏ పరీక్షలు చేయాలి? ఆ తర్వాత ఊళ్లోవాళ్లకి చేయగలిగిన పని ఏం చెప్పాలి? పని తెలిసినవాళ్లు విడమరిచి రాయండి.

తూనికరాయి:
ముందు కొలబద్ద సంగతి. ఆహార వైవిధ్యానికి ఎక్కువమంది వాడేది పది గ్రూపుల లెక్క. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లు గడిచిన 24 గంటల్లో పదింట్లో కనీసం అయిదు గ్రూపులవి తిన్నారా అని చూస్తారు. గింజలు-దుంపలు, పప్పులు, పల్లీలు-నువ్వుల్లాంటివి, పాలు, మాంసం-కోడి-చేప, గుడ్లు, ముదురాకుపచ్చ ఆకుకూరలు, విటమిన్ ఎ ఉన్న పళ్లూ కూరగాయలూ, మిగతా కూరగాయలు, మిగతా పళ్లు. తిన్నది 15 గ్రాములకు తక్కువైతే ఆ గ్రూపు లెక్కకు రాదు.

చిక్కంతా అయిదో గ్రూపులో ఉంది. మాంసం, కోడి, చేప మూడింటికీ ఒకటే గడి. నిన్నటిదాకా తల, ముల్లు, పేగులతో సహా చిరుచేపలు తిన్న ఇల్లు ఇవాళ కోడి ముక్క తింటే గడిలో టిక్కు మారదు, స్కోరు మారదు. ఏటి ఊళ్లలో జరిగిన అసలు మార్పు ఆ ఒక్క గడి లోపలే జరిగింది, దాన్ని చూసే కన్ను ఈ లెక్కకు లేదు. పైగా బిస్కెట్లూ తీపి డ్రింకులూ పది గ్రూపుల్లో ఎక్కడా లేవు. అవి ఎంత పెరిగినా స్కోరుకు పట్టదు.

కాబట్టి పది గ్రూపుల్నీ అలాగే ఉంచి (ఇతర చోట్లతో పోల్చుకోవడానికి కావాలి), చేప అన్నచోట ఇవి చేర్చండి:
- చేప పేరు, ఊళ్లో పిలిచే పేరుతోనే. ఫొటోల అట్ట చూపించి గుర్తుపట్టించాలి.
- చేప పొడవు: వేలెడా, జానెడా, అంతకన్నా పెద్దదా.
- పచ్చిదా, ఎండుదా, ఉప్పులో ఊరిందా. ఏట్లోదా, చెరువులో పెంచిందా.
- తల తిన్నారా, ముల్లు నమిలారా, పేగులు తీసేశారా.
- ఏ ముక్క ఎవరికి వెళ్లింది. ఇంటికి ఎన్ని కిలోలు వచ్చిందన్నది తల్లి పళ్లెంలో ఏముందో చెప్పదు.

మరో ఉచ్చు పోషక విలువల పట్టికలో ఉంది. డేటా ఎక్కించేవాళ్లు "చేప, 60 గ్రాములు" అని కొట్టి, పట్టికలో పెద్దచేప కండ విలువ తీసుకుంటారు. అక్కడ 100 గ్రాములకు కాల్షియం 50 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది, అంటే 60 గ్రాములకు 30. ఆవిడ నిజంగా తిన్నది ముల్లుతో సహా వేలెడు చేపలైతే అదే 60 గ్రాముల్లో 480 దాకా వస్తుంది. ఒక్క అంకె తప్పు వరసలోంచి తీసినందుకు పదహారు రెట్ల తేడా. విశ్లేషణలో ఎంత గణితం చేసినా ఇది తర్వాత సరికాదు.

ఏటివాలు:
నెలల సంగతి?

తూనికరాయి:
కనీసం రెండుసార్లు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఒకసారి, ఏరు తీసేటప్పుడు ఒకసారి. వరదొచ్చి పోయే నదుల్లో పొలాల మీదికి పాకిన నీరు వెనక్కి మళ్లేటప్పుడు చేప విరివిగా పడుతుంది. కంబోడియాలో టోన్లే సాప్ సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ల ఏడాదంతా ఆ రాకపోకల మీదే నడుస్తుంది. ఒక్క నెల సర్వేతో ఏడాది తిండి గురించి రాసిన రిపోర్టును నమ్మకండి. ఒక్కో రౌండులో వారంలోని అన్ని రోజులూ పడేలా ఇళ్లను పంచండి, లేకపోతే సంత రోజూ కూలి డబ్బులొచ్చే రోజూ లెక్కను ఒక పక్కకి లాగేస్తాయి. కొందరినైనా మరో రోజు మళ్లీ అడగాలి. ఒక మనిషి ఒక రోజు తిన్నది ఆ మనిషి అలవాటు కాదు.

ముల్లుతోసహా:
తూనికరాయి గారు చెప్పినదానికి ఒక ఉదాహరణ. బంగ్లాదేశ్‌లో మోలా అనే చిరుచేప ఉంది, వేలెడు కూడా ఉండదు. పచ్చి చేప 100 గ్రాముల్లో కాల్షియం 800 మిల్లీగ్రాములకు పైన, ఇనుము 5 మి.గ్రా. పైన, జింకు 3 మి.గ్రా., విటమిన్ ఎ సుమారు 2,500 మైక్రోగ్రాములు. కోడిమాంసంలో కాల్షియం 100 గ్రాములకు 10–15 మి.గ్రా. దాటదు, విటమిన్ ఎ నామమాత్రం. మాంసకృత్తుల్లో మాత్రం కోడిదే పైచేయి. అందుకే "ప్రొటీన్ తగ్గలేదు కదా" అనే వాదన వినడానికి సబబుగానే ఉంటుంది. ఈ ఊళ్లలో కొరత వచ్చింది ప్రొటీన్‌కు కాదు. ముల్లులో, కంట్లో, కాలేయంలో ఉండేవాటికి.

మోలాలో విటమిన్ ఎ దాదాపు తొంభై శాతం కళ్లలోనూ కడుపు భాగంలోనూ ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు తల కోసి, పొట్ట నొక్కి పారేస్తే మిగిలేది వట్టి కండ. "చిరుచేపలు తినండి" అని పోస్టరేస్తే చాలదు, ఎలా కడగాలో చూపించాలి. పొలుసున్న రకమైతే పొలుసు గీకి, రెండు మూడు నీళ్లు పోసి, తల ఉంచి వండాలి. చేదు వస్తుందని పొట్ట తీస్తారు. బాగా చిన్నవాటిలో ఆ చేదు పెద్దగా తెలియదు, పులుపు వేసి వండితే అదీ పోతుంది. అయితే పట్టిన చోట మురుగు కలుస్తుంటే పేగులు తీసేయాల్సిందే, అక్కడ బేరం లేదు.

ఇంకొకటి. అన్ని చిరుచేపలూ మోలా కావు. రకానికీ రకానికీ విటమిన్ ఎ వందల రెట్లు తేడా ఉంటుంది. కాల్షియం మాత్రం ముల్లుతో తినే ఏ చేపలోనైనా దండిగానే ఉంటుంది.

నీటిపక్షి:
ఎండుచేప తిన్నా ఇవన్నీ వస్తాయా? చేప దొరకని నెలల్లో అదే కదా దిక్కు.

ముల్లుతోసహా:
కాల్షియం, ఇనుము, జింకు, ప్రొటీన్ వస్తాయి, నీరు పోతుంది కాబట్టి గ్రాముకి ఎక్కువే వస్తాయి. విటమిన్ ఎ రాదు. ఎండలో ఆరబెడితే అది దాదాపు మొత్తం పోతుంది. ఎండుచేప మీద నడిచే నెలల్లో విటమిన్ ఎ కి ఆకుకూరలు, గుమ్మడి, నారింజరంగు చిలగడదుంపల్లాంటివి విడిగా చూసుకోవాలి, వాటితోపాటు కాస్త నూనె. రిపోర్టుల్లో ఎండుచేపకి పచ్చిచేప విటమిన్ ఎ అంకెను మూడు నాలుగుతో హెచ్చవేసి రాసేస్తున్నారు. అది శుద్ధ తప్పు.

ఎండగట్టు:
ఆరబెట్టే పని గురించి నేను చెబుతా, ఎందుకంటే ఎక్కువ నష్టం అక్కడే.

పచ్చి చిరుచేపలో నీరు 75–80 శాతం. దాన్ని 15 శాతానికి దించితే నిలవుంటుంది. 76 శాతం నీరున్న కిలో చేపలో గట్టి పదార్థం 240 గ్రాములు. ఆరాక తూకం 280 గ్రాముల దగ్గర ఆగాలి. 350 వస్తే ఇంకా ముప్పై శాతం తేమ ఉన్నట్టే, అది బూజు పట్టకుండా ఉండదు. కాబట్టి చేయి పెట్టి చూడటం కాదు, తూకం వేయండి. చెడినవీ రాలినవీ పోగా, నాలుగు కిలోలకు ఒక కిలో అనుకుంటే లెక్క సరిపోతుంది.

పట్టిన రోజే పని మొదలవ్వాలి. మంచినీళ్లతో కడిగి, పది లీటర్ల నీళ్లలో కిలో ఉప్పు కరిగించి పావుగంట నుంచి అరగంట ఉంచి, నీరు వడకట్టి, నేలకు మీటరు ఎత్తున కట్టిన వలతట్ట మీద ఒకే పొరగా పరవాలి. కింద నుంచీ గాలి తగలాలి. మొదటి రోజు రెండు గంటలకోసారి తిరగేయాలి. సాయంత్రం మంచు పడకముందే లోపలికి తీసి కప్పాలి.

ఎక్కడ చెడుతుందంటే:

మొదటి గంటల్లో ఎండ మరీ మండిపోతే పైచర్మం గట్టిపడి లోపలి తడి బయటికి రాదు. పైకి గలగలలాడుతుంది, విరిస్తే నడుమ మెత్తగా, జిగటగా ఉంటుంది. అలాంటి సరుకు గోనెలో వారానికి వాసనొస్తుంది. మధ్యాహ్నం పలచని నీడ కల్పిస్తే ఇది రాదు.

ఇసుక మీద ఆరబెట్టినదాంట్లో ఇసుక, పేడ, క్రిములు చేరతాయి. తర్వాత ఎంత కడిగినా ఇసుక పంటికింద తగులుతుంది, పిల్లలు ఊసేస్తారు.

ఈగ గుడ్లు పెట్టేది మొదటి రోజు తడి చేప మీద. దోమతెర కప్పితే పోయేదానికి కొన్నిచోట్ల పురుగుమందు చల్లుతారు. అది తినేవాళ్ల కడుపులోకే పోతుంది, వండినా పోదు. ఎండాక వచ్చే నల్లపెంకు పురుగు వేరే జాతి, దానికి మందు గాలి చొరబడని డబ్బా.

వానాకాలపు చేప ఎండలో ఎండదు. పొగబెట్టాలి, లేదా ఉప్పు ఎక్కువ వేయాలి. పొగకి కట్టెలు కావాలి, ఉప్పుతో వచ్చే తంటా వేరే.

రసాయనశాల:
ఆ ఉప్పు తంటా ఏమిటో అంకెల్లో: గట్టిగా ఉప్పు పట్టించిన చేపలో బరువులో 15 శాతం ఉప్పుంటే 20 గ్రాముల ముక్కలో 3 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే రోజు మొత్తం హద్దు 5 గ్రాములు. దాని పక్కన ప్యాకెట్ నూడుల్స్ చేరితే హద్దు దాటడం ఖాయం (లేబుల్ మీద సోడియం అంకెను 2.5తో హెచ్చవేస్తే ఉప్పు వస్తుంది). ఉప్పుచేపను నానబెట్టి ఆ నీళ్లు పారబోయడం అలవాటు చేయించండి. బీపీకి చేపని తప్పుపట్టాల్సిన పని లేదు.

ఇక ఎవరూ ఎత్తని పాదరసం. నది పైభాగంలో చిన్నపాటి బంగారం తవ్వకాలు ఉన్నా (బంగారం విడదీయడానికి పాదరసం వాడతారు), కొత్తగా రిజర్వాయరు నిండినా ముందు చేపను పరీక్షకి పంపండి, తర్వాతే ఎక్కువ తినమని చెప్పండి. నేల మునిగినప్పుడు కుళ్లే ఆకులలములో సూక్ష్మజీవులు పాదరసాన్ని మిథైల్ పాదరసంగా, అంటే ఒంట్లో పోగయ్యే విషరూపంగా మారుస్తాయి. నీరు నిండాక చేపల్లో అది రెండు మూడు దశాబ్దాల పాటు ఎక్కువగానే ఉండొచ్చు. చిన్నచేపను పెద్దచేప తింటూ పోయే కొద్దీ అది పోగవుతుంది. వేటాడే పెద్దచేపల్లో ఎక్కువ, చెత్తాచెదారం, నాచు తినే చిన్నవాటిలో తక్కువ. ఉడికించినా వేయించినా పోదు. కొవ్వులో కాదు, కండలోనే ఉంటుంది కాబట్టి చర్మం ఒలిచినా లాభం లేదు.

లెక్క: ఐరాస ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ), ప్రపంచ ఆరోగ్య సంస్థల ఉమ్మడి నిపుణుల కమిటీ 2003లో మిథైల్ పాదరసానికి పెట్టిన హద్దు వారానికి శరీర బరువు కిలోకి 1.6 మైక్రోగ్రాములు. 50 కిలోల గర్భిణికి వారానికి 80. చేపలో గ్రాముకి 0.5 మైక్రోగ్రాములుంటే 160 గ్రాములతో కోటా అయిపోతుంది. 0.05 ఉంటే 1,600 గ్రాములు తినొచ్చు. "గర్భిణులు చేప మానండి" అనే సలహా ఈ లెక్క తెలియక ఇచ్చేది. చెప్పాల్సింది ఏ చేప అన్నది.

రక్తపుచుక్క:
రక్తహీనత పరీక్ష గురించి. 6 నుంచి 23 నెలల పిల్లలకు హిమోగ్లోబిన్ డెసిలీటరుకి 10.5 గ్రాముల కన్నా తక్కువైతే రక్తహీనత అని 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చింది, అంతకుముందు 11. రెండు నుంచి అయిదేళ్లలోపు వాళ్లకి 11. గర్భం లేని ఆడవాళ్లకి 12, గర్భిణులకి 11, నడి మూడు నెలల్లో 10.5. పాత సర్వేతో పోల్చేటప్పుడు రెంటికీ ఒకే హద్దు వాడండి. లేకపోతే ఊళ్లో ఏమీ మారకుండానే పసిపిల్లల్లో రక్తహీనత తగ్గినట్టు కనిపిస్తుంది.

వేలి చుక్క తీసేటప్పుడు చేయి వెచ్చగా ఉండాలి, నడిమి వేలు గానీ ఉంగరపు వేలు గానీ, పక్కవైపు గుచ్చాలి. మొదటి చుక్కలు తుడిచేయాలి. పిండకూడదు. పిండితే కణాల మధ్య నీరు కలిసి అంకె తగ్గుతుంది, లేని రక్తహీనత పుడుతుంది. ఎత్తుపల్లాల అంకెలొచ్చిన సర్వేల్లో సగం గొడవ ఇదే.

హిమోగ్లోబిన్ తక్కువ అనగానే ఇనుము లోపం అని రాయొద్దు. ఏటి ఒడ్డున కొంకిపురుగులు, కొన్ని దేశాల్లో నత్తల ద్వారా వచ్చే షిస్టోసోమా అనే పురుగు, మలేరియా ఉండొచ్చు, వాటివల్లా రక్తం తగ్గుతుంది. ఫెరిటిన్‌తోపాటు (ఒంట్లో ఇనుము నిల్వ చెప్పే రక్తపరీక్ష) సీఆర్‌పీ కూడా (వాపును పట్టిచ్చే పరీక్ష) చూడండి. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటే ఫెరిటిన్ పెరిగి లోపాన్ని దాచేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లలో ఫెరిటిన్ లీటరుకి 15 మైక్రోగ్రాముల కన్నా తక్కువైతే లోపం, ఇన్‌ఫెక్షన్ ఉంటే 70 కన్నా తక్కువ. అయిదేళ్లలోపు వాళ్లకి 12, 30. ఈ పని ఎగ్గొట్టి అందరికీ ఐరన్ మాత్రలిస్తే, నులిపురుగులున్న చోట చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

టీ గురించి ఒక్క మాట, అది తిండిలోని ఇనుమును సరిగా ఒంటపట్టనివ్వదు. అన్నంతోపాటు టీ తాగే అలవాటు కొత్తగా వచ్చిన ఊళ్లలో, దాన్ని భోజనానికి గంట అటో ఇటో జరపమనండి. ఖర్చు లేని సలహా.

గంజినీళ్లు:
చర్చ మొత్తం చేప చుట్టూ తిరుగుతోంది, గింజ సంగతి ఎవరూ ఎత్తలేదు. తవుడు పోయేలా బాగా పాలిష్ పట్టిన బియ్యం, దాన్ని నాలుగైదుసార్లు కడగడం, గంజి వార్చి పారబోయడం. మూడూ కలిస్తే థయామిన్, అంటే బి1, దాదాపు మిగలదు. దానికి తోడు పచ్చి చేపలో, వండకుండా పులియబెట్టిన చేపలో థయామినేజ్ అనే ఎంజైమ్ ఉండొచ్చు, అది ఉన్న బి1ని కూడా తినేస్తుంది. బాగా మరిగిస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది. కంబోడియా, లావోస్‌లలో పసిపిల్లల బెరిబెరి (బి1 లోపంతో వచ్చే జబ్బు) ఈ దారిలోనే వస్తోంది: తల్లి తిండిలో లేదు, పాలలో లేదు. రెండు మూడు నెలల బిడ్డ, అప్పటిదాకా బాగున్నది, గొంతు బొంగురుపోయి ఏడుపు వినిపించకుండా ఏడుస్తుంది, పాలు తాగదు, ఆయాసపడుతుంది. గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. థయామిన్ ఇంజక్షన్ పడితే అంతే త్వరగా తేరుకుంటుంది. ఊరి ఆరోగ్య కార్యకర్తకి ఈ ఒక్క లక్షణం కంఠతా వచ్చి తీరాలి.

పచ్చి చేప అంటే గుర్తొచ్చింది, మెకాంగ్ నది వెంట కాలేయపు పురుగు దాన్లోంచే వస్తుంది. ఏళ్ల తరబడి ఉంటే పిత్తవాహికలో క్యాన్సర్‌కి దారితీస్తుంది. ఉప్పూ పులుపూ దాన్ని చంపుతాయనుకోవద్దు, వండాలి.

నీటిపక్షి:
ఇన్ని చెప్పారు గానీ ఊళ్లోవాళ్లు చిరుచేప ఎందుకు మానారో ఎవరూ అడగలేదు. వేలెడు చేపలు కిలో శుభ్రం చేయాలంటే ఎంతసేపు పడుతుందో వండేవాళ్లకి తెలుసు. కోడి ముక్కలు కొట్టించుకుని వస్తే అయిదు నిమిషాల్లో పొయ్యి మీద. కూలికెళ్లి చీకటిపడ్డాక వచ్చే ఆడమనిషికి ముల్లులో కాల్షియం గురించి పాఠం చెబితే ఏం లాభం? పైన ఆనకట్ట పడి వరద నీరు పొలాల మీదికి రాకపోతే చిరుచేప పుట్టే చోటే ఉండదు. ప్యాకెట్ తిండిని తిట్టడం తేలిక.

తూనికరాయి:
నిజమే, నీటిపక్షి గారూ. అందుకే ఫారంలో వండటానికి పట్టిన సమయం, కట్టెలు, ఎవరు వండారు అన్నవి కూడా ఉండాలంటాను. అయితే తిండి మారిందన్నది ఊహ మాత్రం కాదు. బ్రెజిల్‌లో అమెజాన్ ఒడ్డు ఊళ్లవాళ్ల చేతి గోళ్లు కత్తిరించి కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) కొలిచారు. మొక్కజొన్న, చెరకు మొక్కలు కార్బన్-13 అనే బరువైన రకాన్ని చాలా మొక్కలకన్నా ఎక్కువగా పట్టుకుంటాయి. మొక్కజొన్న మేసిన ఫారం కోడి, పంచదార తిన్నవాళ్ల గోరులో ఆ గుర్తు మిగులుతుంది. ఏటి చేప, కర్రపెండలం పిండి మీద బతికేవాళ్ల గోరులో ఉండదు. వేలి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి కత్తిరించిన చివర కొన్ని నెలల కిందటి తిండి చెబుతుంది. నిన్నేం తిన్నారో మరిచిపోయినా గోరు మరిచిపోదు. అందరికీ అందే పరీక్ష కాదు, కానీ పెద్ద సర్వేలో కొందరికి చేయిస్తే ఫారంలో వచ్చిన జవాబుల్ని సరిచూసుకోవచ్చు.

చెరువుమడి:
చిరుచేప పుట్టే చోటు లేదన్నారు. ఊరి చెరువుల్లో పుట్టించొచ్చు. పెంపకం చెరువులో పెద్దచేపల పిల్లలు వదిలేముందు "కలుపు చేపలు" అని మందు పెట్టి చిన్నవాటిని చంపేస్తారు. ఆ పని మానాలి. వేటాడే చేపల్ని మాత్రం వలతో, నీరు తోడి తీసేయాలి. మోలా లాంటివి అక్కడే గుడ్లు పెట్టుకుని పెరుగుతాయి, ఏటా పిల్లని కొనక్కర్లేదు. బంగ్లాదేశ్‌లో పెద్దచేపలతో కలిపి పెంచి చూశారు, పెద్దచేపల దిగుబడి అంతగా దెబ్బతినలేదు.

కిటుకు పట్టడంలో ఉంది. వారానికో రెండు వారాలకో సన్నకన్ను వలతో కొద్దికొద్దిగా తీస్తుండాలి. తీయకపోతే కిక్కిరిసి మేత చాలక పెద్దవీ ఎదగవు, చిన్నవీ ఎదగవు. కొద్దికొద్దిగా వచ్చేది అమ్మకానికి తూగదు, కూరకే సరిపోతుంది. ఆ పూట పళ్లెంలోకి వెళ్లేది కూడా అందుకే. ఒక్కసారే చెరువు ఎండగట్టి మొత్తం పట్టేస్తే సరుకంతా సంతకెళ్లిపోతుంది.

ఏటివాలు:
చాలా పనికొచ్చాయండీ. ఆరు నెలలు దాటిన పిల్లలకి ఎండుచేప పొడి పెట్టించాలని ఒక ఆలోచన ఉంది. ఎంత పెట్టాలి? అది ఒక్కటే సరిపోతుందా?

ముల్లుతోసహా:
ఉప్పు వేయకుండా ఎండబెట్టిన చేపే తీసుకోండి. పసిపిల్లలకి ఉప్పుచేప పొడి వద్దు. సన్న సెగ మీద దోరగా వేయించి, ముల్లు వేళ్లకి తగలనంత మెత్తగా దంచి, సన్నజల్లెడ పట్టాలి. జల్లెడలో మిగిలింది మళ్లీ దంచాలి గానీ పారేయొద్దు, కాల్షియం ఎక్కువ అక్కడే. రోజుకి 5 గ్రాములతో మొదలుపెట్టి 10 దాకా. చెంచాతో చెబితే ఒక్కో ఇంట్లో ఒక్కో చెంచా, కాబట్టి ఒకసారి తూకం వేసి ఏ చెంచాకి ఎంతో గీత పెట్టి ఇవ్వండి. దించే ముందు గంజిలో కలిపి ఒక ఉడుకు రానిచ్చి, రెండు చుక్కల నూనె వేయాలి. కొత్తగా పెట్టేటప్పుడు రెండు మూడు రోజులు వేరే కొత్త పదార్థం ఏదీ మొదలుపెట్టకుండా దద్దుర్లు, వాంతులు వస్తున్నాయేమో గమనించాలి.

సరిపోతుందా అంటే కాల్షియానికి బాగా ఆసరా: 10 గ్రాముల పొడిలో 250 మి.గ్రా. పైనే వస్తుంది. ఇనుముకి చాలదు. అదే పొడిలో ఇనుము 2 మి.గ్రా. దగ్గర ఉంటుంది, 7–12 నెలల బిడ్డకి రోజుకి కావాల్సింది సుమారు 11. పొడి ఇస్తున్నామని ఆరోగ్య కేంద్రం వాళ్ల ఐరన్ చుక్కలు ఆపించొద్దు. చేపతోపాటు వండిన పప్పు, పుల్లటి పండు గుజ్జు పడితే పప్పులోని ఇనుము కూడా కాస్త ఎక్కువ ఒంటపడుతుంది.

రక్తపుచుక్క:
అక్కడే కొలతల మాట కూడా. జబ్బ చుట్టుకొలత టేపుతో (11.5 సెం.మీ. కన్నా తక్కువైతే తీవ్రం, 12.5 లోపు మధ్యస్థం) చిక్కిపోయిన పిల్లలు దొరుకుతారు, గిడసబారినవాళ్లు దొరకరు. ఏటి ఊళ్లలో మీ సమస్య రెండోది. రెండేళ్లలోపు పిల్లల్ని బల్ల మీద పడుకోబెట్టి ఇద్దరు మనుషులతో పొడుగు కొలవాలి, ఒకరు తల పట్టాలి, ఒకరు మోకాళ్లు నొక్కి పాదాలకి పలక ఆనించాలి. ఒక్కరే కొలిస్తే సెంటీమీటరు తేడా వస్తుంది, ఆ వయసులో అది నెల ఎదుగుదల.

ఎండగట్టు:
పొడి నిలవ గురించి చెప్పి ఆపుతా. దంచిన తర్వాత ఎండుచేప త్వరగా పాడవుతుంది, కొవ్వుకి గాలి తగిలి ముక్కిపోయిన వాసన వస్తుంది. పదిహేను రోజులకి సరిపడానే దంచండి, మిగతాది ముక్కలుగానే గట్టిమూత డబ్బాలో ఉంచండి. తడి చెంచా పెట్టొద్దు. బూజు కనిపించినా, ఉండలు కట్టినా డబ్బా మొత్తం పారేయాలి. పైపైన తీసేసి మిగతాది వేయించి వాడటం చాలా ఇళ్లలో చూస్తారు. బూజు వదిలిన విషం వేయిస్తే పోదు.